పైన కట్టిన పెట్టె

మేస్త్రి తన్నిన తన్నుకి దర్జీ ఎగిరి కుట్టుమిషను మీద పడ్డాడు. నుదురు చిట్లి, కుడుతున్న తెల్లచొక్కా ఎర్రబడింది.

"నువ్వు వరదోడివేనా?"

"కాదు బాబూ."

మేస్త్రి వెంట వచ్చిన వెల్డరు ఇనపరాడ్డుతో పైకి చూపించాడు. దూలానికి తాళ్ళతో కట్టిన రేకుపెట్టె వేలాడుతోంది. "మరి అదేంటి?"

"ఎలుకల బాధ."

రాడ్డు మోచేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు మేస్త్రికి స్పష్టంగా వినపడింది.

"కాగితాలు," అన్నాడు దర్జీ, పళ్ళు బిగబట్టి. "వరదకి మా ఊళ్ళే కొట్టుకుపోయాయి. అప్పట్నుంచి మావాళ్ళెవరూ పెట్టె నేల మీద పెట్టరు. మా తాత రోజుల్లో వరదోళ్ళంటే చావు తప్పించుకొచ్చినవాళ్ళని అర్థం. ఇక్కడి జనం పిలిచి మరీ అన్నం పెట్టేవాళ్ళట."

"మేమూ పెడతాం," అని వెల్డరు డొక్కలో ఒక్కటి పెట్టాడు. "గుర్తు దొరికింది మేస్త్రీ. ఇక ఎవణ్ణీ అడగక్కర్లేదు, ఇంటింటికీ వెళ్ళి దూలాలు చూస్తే సరి. దగ్గరే కదా, మీ వీధితోనే మొదలెడదాం."

మేస్త్రి కదల్లేదు. తన ఇంట్లో, వంటగది దూలానికి ఇప్పటికీ వేలాడుతున్న పెట్టె గురించి అడిగినప్పుడల్లా అమ్మ ఒకటే మాట చెప్పేది.

"ఎలుకల బాధ నాన్నా."

పుట్టి బుద్ధెరిగాక ఆ ఇంట్లో అతను ఒక్క ఎలుకనీ చూడలేదు.