రెక్క కింది కలువ రేకు

కొండకి ఇవతలి చెరువులో ఉండే కొంగలు చిన్న పిట్టల్ని వీపున ఎక్కించుకుని అవతలి అడవికి చేర్చేవి. మేఘాల మీదుగా వెళ్తే దారి దగ్గర. కానీ అక్కడి వెలుతురులో కంటికి కనబడని వాడి ఒకటి ఉంది. అది తెలియకుండానే ఒంట్లోకి దిగి, కడుపులోని గుడ్డుని కూడా తాకుతుంది. అందుకే ప్రతి కొంగా రెక్క కింద తెల్లకలువ రేకు పెట్టుకునేది. ఆ వాడి ఎక్కువ తగిలి రేకు గోధుమరంగుకి తిరిగితే కొన్నాళ్లు లోయదారిన కిందుగా ఎగరాలి.

ధవళి అనే కొంగ కడుపుతో ఉంది. రేకు కూడా రంగు తిరిగింది. అయినా దాన్ని గూట్లో దాచేసి, కొత్త రేకు దోపుకుని పైదారికి సిద్ధమైంది. వీపెక్కబోతున్న పిచ్చుక అది చూసేసింది.

"అదేంటక్కా! నేను ఏడాదికోసారి దాటుతాను, నాకేం కాదు. రోజూ దాటే నీకు నాకన్నా ఎన్ని వందల రెట్లు తగులుతుందో లెక్కేసుకున్నావా?"

"మెల్లగా అనవే, పెద్దమ్మ వింటుంది."

గుంపు పెద్ద మందర విననే వింది. "ఎందుకు మార్చావే?"

ధవళి తల దించుకుంది. "లోయదారిన తిరిగితే చేపల్లో సగం వాటాయే కదా పెద్దమ్మా. రేపు పిల్ల పుడితే ఏం పెట్టను?"

మందర దగ్గరికి వచ్చింది. ముక్కుతో ధవళి మెడ నిమిరింది. "ఆ సగం వాటా పెట్టింది నేనేనే తల్లీ. ఇవాళ్టి నుంచి పైన ఎగిరినా కింద ఎగిరినా ఒకటే వాటా," అని అందరికీ వినబడేలా చెప్పింది.

మర్నాడు పొద్దున్నే లోయదారి మొదట్లో ధవళి పక్కకి మరో అరడజను కొంగలు వచ్చి నిలబడ్డాయి. ఒక్కొక్కటీ తన గూట్లో దాచుకున్న గోధుమరంగు రేకుని ముక్కున కరుచుకుని వచ్చింది.