కమానా, కాయిలా

"కమాన్లు వేయించాలా, కాయిల్ స్ప్రింగులు వేయించాలా... మీరే తేల్చండి మేస్త్రీగారూ" అంది ఆమె.

షెడ్డు ముందు ఆగిన జీపు చుట్టూ మేస్త్రీ ఒకసారి తిరిగొచ్చాడు. పెద్ద చక్రాలు, ఎత్తు బాడీ. కొండ మీది రేడియో టవరుకి మనుషుల్నీ బ్యాటరీల్నీ మోసే బండి. కింద బరువు మోసే ఇనప పట్టీల కమాన్లు పూర్తిగా చతికిలబడ్డాయి. పైకి రోడ్డంటూ లేదు. రాళ్ళే రోడ్డు.

"కాయిలైతే మెత్తగా ఉంటుంది మేడమ్. చక్రం లేచినచోట లేస్తుంది, దిగినచోట దిగుతుంది. రాళ్ళని వదలదు."

"మరి కమాన్లు?"

"మొండివి. ఎంతేసినా మోస్తాయి. కాయిల్‌కి ఇరుసుని పట్టి ఉంచడానికి వేరే కడ్డీలు బిగించాలి. కమానైతే బరువు మోసేదీ అదే, ఇరుసుని పట్టుకునేదీ అదే."

"అంటే కమాను విరిగితే ఇరుసు కూడా పక్కకి పోతుందన్నమాట."

మేస్త్రీ నవ్వాడు. "నా చేత్తో వేసింది విరగదు మేడమ్."

ఆమె కూడా నవ్వింది. ఈ మనిషి ఎదుట నిలబడి అలా నవ్వడం నేర్చుకోవడానికి ఆమెకి ఏళ్ళు పట్టింది.

ఒకప్పుడు అదే టవరుకి తిరిగిన పాత బండికి ఆమె భర్త డ్రైవరు. ఈ షెడ్డులోనే కమాన్లు మార్పించుకుని కొండెక్కాడు. దిగేటప్పుడు మలుపులో బండి లోయలోకి పోయింది. మనిషి దక్కలేదు. విచారణకి వచ్చినవాళ్ళతో మేస్త్రీ ఒక్కటే మాట అన్నాడు. "బండి భేషుగ్గా ఉంది. తాగి తోలుంటాడు."

మందు వాసనే గిట్టని మనిషి. అయినా ఆ మాట ఊరంతా పాకింది. బడిలో ఆమె కూతురు 'తాగుబోతు కూతురు' అయింది.

ఆమె లోయలోకి దిగింది. రాళ్ళ మధ్య వెతికి విరిగిన పట్టీ ముక్కని పైకి తెచ్చుకుంది. పైనంతా నిగనిగలాడే నల్లరంగు. విరిగినచోట మాత్రం సగం దాకా పాత తుప్పు. ముందే చిట్లిన పట్టీకి రంగు పూసి, కొత్తదని బిగించాడు. ఆ ముక్క పట్టుకుని ఎక్కని గుమ్మం లేదు. "ఏదో ఇనప ముక్క చూపిస్తే మేమేం చేస్తామమ్మా" అన్నారు అందరూ.

ఆ టవరు ఆఫీసులోనే ఉద్యోగంలో చేరింది. నోరు విప్పకుండా పని చేసింది. ఇప్పుడు బళ్ళన్నీ ఆమె కిందే. మేస్త్రీ అప్పుడు ఆమె మొహం చూసిందీ లేదు, ఇప్పుడు పోల్చిందీ లేదు.

"మీ ఇంటి మనిషి ఎక్కే బండి అనుకుని చెప్పండి" అంది. "కాయిలంటే కాయిలే తెప్పిద్దాం. కంపెనీ నుంచి పెట్టెలో, సీలుతో వస్తాయట."

సీలు మాట వినగానే మేస్త్రీ గడ్డం గోక్కున్నాడు. ఆయన చూపు మూలనున్న పాత పట్టీల గుట్ట మీదికి పోయి వచ్చింది. ఆమె ఆ చూపునే కనిపెట్టింది. కాయిల్ అంటాడేమో. అంటే, తను ఇక్కడి నుంచి ఊరికే వెళ్ళిపోవాలి.

"కమాన్లే వేద్దాం మేడమ్."

"కొత్తవేగా?"

"ఒట్టు. నిన్ననే దిగాయి."

ఆమె వెళ్ళి ఎదురుగా టీకొట్టులో కూర్చుంది. మేస్త్రీ గుట్టలోంచి ఒక్కో పట్టీ లాగాడు. బ్రష్షుతో తుప్పు రాల్చాడు. ఒకదాని మీద బొటనవేలు ఆగింది. వెలుతురులోకి ఎత్తి చూశాడు. అటూ ఇటూ చూశాడు. రంగు డబ్బా మూత తీశాడు.

అప్పుడు లేచి ఒక్క కేక వేస్తే దొరికిపోయేవాడు. దొరికితే ఏమవుతుంది? నాలుగు తిట్లు తింటాడు, కాళ్ళావేళ్ళా పడతాడు, కొన్నాళ్ళకి మళ్ళీ అదే షెడ్డు, అదే రంగు. ఆమెకి కావలసింది అది కాదు. చల్లారిన టీ పక్కకి నెట్టి ఇంకోటి చెప్పింది.

పని పూర్తయింది. జీపు గర్వంగా లేచి నిలబడింది.

"ట్రయల్‌కి మీరూ రండి. మలుపు దాకా వెళ్ళొద్దాం" అంది.

మేస్త్రీ మొహంలో రంగు మారింది. "నడుం నెప్పి మేడమ్. ఎత్తు బళ్ళు ఎక్కలేను."

"ఊరికే పక్కన కూర్చోండి. నేను తోలతాను."

"అబ్బే, వద్దు మేడమ్. అవతల చాలా పనుంది."

ఆమె మరి బలవంతం చెయ్యలేదు. "పోనీలెండి. పూచీ మాత్రం మీదేగా?"

"నాదే. కళ్ళు మూసుకుని తోలుకోవచ్చు."

"కాస్త గట్టిగా చెప్పండి. మా డ్రైవరు ఇవాళే చేరాడు. వినపడితే ధైర్యంగా ఉంటుంది."

మేస్త్రీ గొంతు పెంచాడు. పక్క షెడ్లవాళ్ళు కూడా తలెత్తి చూశారు. "ఇవి నిఖార్సైన కొత్త కమాన్లు! ఏ కొండైనా ఎక్కించండి! ఈ బండి ఎక్కినవాడి ప్రాణానికి నాదీ పూచీ!"

"చాలు. ఈ డ్రైవర్ని నేనే ఏరికోరి పెట్టుకున్నాను" అని ఆమె గేటు వైపు తిరిగింది. "రా బాబూ, బండి సిద్ధం."

లోపలికి వచ్చిన కుర్రాడు ఆమె చేతిలోంచి తాళాలు అందుకుని, మేస్త్రీ వైపు చూసి సిగ్గుగా నవ్వుతూ, "ఉద్యోగం వచ్చిందని సాయంత్రం ఇంట్లో చెబుదామనుకున్నా నాన్నా" అన్నాడు.