పారాచూట్ మడిచిన చేతులు

యుద్ధవిమానాలు పైలట్లు లేకుండానే ఎగరడం మొదలయ్యాక, పారాచూట్లు మడిచే హైమావతికి ఆ విమానాల కెమెరాలు తుడిచే పనిచ్చారు. తన పాత పని ఇక ఎవరికీ గుర్తుండదనుకుంది.

స్క్వాడ్రన్ వార్షికోత్సవంలో, ఇప్పుడు విమానాలు నడిపే యంత్రమే గొంతు విప్పి దళం చరిత్ర చెబుతోంది. "ఇంజను మండి విమానం సముద్రంలో కూలింది. పైలట్ దయానిధి క్షేమం," అని తర్వాతి ఘట్టంలోకి వెళ్లబోయింది.

"కాస్త ఆగు," అంటూ ముందు వరసలో రిటైరైన దయానిధి లేచాడు. "ఊరికే క్షేమంగా దిగానా? నా పారాచూట్ మడిచింది హైమావతిగారు. అదీ చెప్పు."

యంత్రం ఆ ఘట్టం మళ్లీ చెప్పింది, ఈసారి ఆమె పేరుతో.

దయానిధి కూతురు వెనక వరసదాకా వచ్చి హైమావతి చేతులు పట్టుకుంది. "నాన్న అలా దిగిన మరుసటేడు పుట్టానండీ నేను."

హైమావతి ఆమెను తేరిపార చూసింది.

"ఎంత ఎదిగావు తల్లీ!" అంది, కళ్లు తుడుచుకుంటూ.