టైరు కింద నిమ్మకాయ

దగ్గరికి జరగండర్రా, ఇది గొంతు పెంచి చెప్పేది కాదు. క్రిస్మస్ సెలవులకు మెక్సికో వెళ్దామని అవినాష్ క్యాంపర్ వ్యాన్ అద్దెకు తీసుకున్నాడు. అమెరికాలో వాళ్ళుండే ఆష్‌బర్న్‌లో బయల్దేరేటప్పుడు భార్య భవిత టైర్ల కింద పెట్టిన నిమ్మకాయల్ని చిరాకుగా తీసి చెత్తబుట్టలో పారేశాడు.

టెక్సాస్ ఎడారిలో, చీకటిపడ్డాక, బండి ఉన్నట్టుండి ఆగిపోయింది. ఫోన్‌కు సిగ్నల్ లేదు. విసుక్కుంటూ దిగి టార్చ్ వేస్తే, మూడు టైర్ల కింద నిమ్మకాయలు! వాటికద్దిన కుంకుమ ఇంకా తడిగా ఉంది.

"మళ్ళీ మొదలెట్టావా భవీ? నాలుగోది ఎక్కడ?"

"నేను సీట్‌లోంచి లేవనే లేదు, నన్నెందుకు సతాయిస్తావు?"

వెనక పడక మీద కూతురు హంసిక నవ్వింది. "డాడీ, నా దగ్గరుంది. ఈ ఆంటీ ఇచ్చింది."

వాళ్ళు బయల్దేరింది ముగ్గురే.

ఇంజన్ దానంతటదే స్టార్టయింది. అవినాష్ ఇంకా రోడ్డు మీదే ఉన్నాడు.

ఇక్కడిదాకా గుర్తుపెట్టుకుని మీ వాళ్ళకి చెప్పండి. తర్వాతది మాత్రం నన్నడక్కండి.