రాణిగారి సినిమాలో గిటారు

తెర మీద రాణిగారి గుర్రం కోటగోడ దూకింది. వెంటనే హాలు అదిరిపోయేలా కరెంటు గిటారు మోగింది. నా పక్క సీట్లోని పెద్దాయన కిసుక్కున నవ్వాడు.

"కత్తులూ డాళ్ళ కాలంలో గిటారేంటండీ! మన చెవుల్లో పువ్వులు పెడుతున్నారు."

నాకు ఒళ్ళు మండింది. "ఆవిడ వేసుకున్న రవిక మిషను మీద కుట్టిందే కదండీ? దాన్నొదిలేసి పాపం గిటారు మీద పడ్డారేం?"

"భలే వెనకేసుకొస్తున్నారే! మీ చుట్టాలెవరైనా వాయించారా ఏంటి?"

"మా అమ్మాయే."

ఆయన నాలుక కరుచుకున్నాడు. గబుక్కున తెర మీది యుద్ధం వైపు తిరిగాడు. రాణి కోట గెలిచేసరికి ఆయన కాలు తాళం వేస్తోంది. నేను చూడనట్టే చూశాను.

లైట్లు వెలిగాక ఆయన చేతిసంచీ సర్దుకుంటూ, "మీ పిల్ల చేతిలో విద్య ఉందమ్మా. కాకపోతే తొందరెక్కువ. నాలాంటి ముసలి చెవులు అందుకోవద్దూ? ఈసారి కాస్త నిదానంగా వాయించమన్నానని చెప్పండి" అన్నాడు.

"అలాగే బాబాయిగారూ, చెప్తాను" అన్నాను.

మాటవరసకి అనలేదు. ఇంటికెళ్ళే బస్సులో కిటికీ పక్కన కూర్చుని చెప్పేశాను కూడా. మా అమ్మాయి పోయి ఎనిమిది నెలలైంది. ఇన్నాళ్ళూ ఇంటికొచ్చిన వాళ్ళందరూ నాకే ఏదో ఒకటి చెప్పి వెళ్ళారు. దానికి చెప్పమని ఒక మాట నాకు అప్పగించింది ఈయనొక్కడే.