విజయనగరం పాసింజర్లో నా సంచీ

సంచీ పోయిందని నేను పెట్టిన కేసుకి, రైలుపెట్టెలోని కెమెరా వీడియో చూపిస్తున్నాడు కానిస్టేబుల్.

నేను సీట్లో కునుకు తీస్తున్నాను. ఎదురుగా చేపలమ్మే కళింగపట్నం గురమ్మ. ఆమె గంపలోంచి నీరు కారి, కింద పెట్టిన నా సంచీ వైపు వస్తోంది. గురమ్మ గబుక్కున సంచీ ఎత్తి, తన చెంగుతో తుడిచి, పైన సామాన్ల మధ్య పెట్టింది.

తర్వాత నేను లేచాను. కిందికి వంగి వెతికాను. గురమ్మ జుట్టు పట్టుకున్నాను. జనం ఆమె గంపని తలుపులోంచి విసిరేశారు. ఆమె చెయ్యి మాత్రం పైకి చూపిస్తూనే ఉంది.

"ఈ వీడియోలో మాట వినపడదు మేడం. ఆవిడేటంటన్నాది?" అన్నాడు కానిస్టేబుల్.

"ఆ గోలలో నాకేమీ వినపడలేదండీ" అన్నాను.

వినపడింది. "పైన సూడమ్మా" అంది. నేను కొట్టిన ప్రతి దెబ్బకీ అదే అంది.