ఓడెక్కే పలకలు

మల్లి పలక మీద ఉమ్మి, బొటనవేలితో రుద్దింది. నెర్ర ఉంటే తడి అందులో గీతలా నిలుస్తుంది. మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో ఆమె మొదటినుంచీ చేస్తున్న పరీక్ష అదే.

యజమాని ఫణికుమార్ చూసి మొహం చిట్లించాడు.

"ఛీ, ఏందక్కా ఇది! ఇవి పిల్లోళ్ల పలకలు కాదు, ఓడలో ప్లేట్లు. కోటీశ్వరులు మంచుకొండలు చూసుకుంటా వీటి మీద తింటారు. ఆ ఓడల కంపెనీకి మొదట ఒక్క ఓడే ఉన్నింది, ఇప్పుడు ఐదోది నీళ్లలోకి దించుతున్నారు. బడి పిల్లోళ్లు పలకలు మానేసినాక మనల్ని బతికిస్తా ఉండేది వాళ్లే!"

"పలక మీద తింటారా?" మల్లి నమ్మలేదు.

అతను ఫోనులో ఓడవాళ్ల వీడియో చూపించాడు. నల్లటి పలక మీద సగం కొరికిన చేప, నెత్తురు కారుతున్న మాంసం. ఒకామె తిన్నంత తిని, మూతి తుడుచుకున్న కాగితాన్ని ఆ ఎంగిలిలోనే కుక్కింది.

చిన్నప్పుడు మల్లి ఉమ్మితో తుడిచినా, కాలు తగిలితే కళ్లకద్దుకున్న పలక అది. ఫోను తిరిగిచ్చేసి, చెయ్యి కొంగుకు తుడుచుకుంది.

"సరస్వతి మీద ఎంగిలి కూడు పెడ్తారా నాయనా?"

"సరస్వతి ఏందక్కా, ప్లేటు అని చెప్తాంటే! నీళ్లతో తుడిచి పెట్టెలో సర్దు," అని విసుక్కుంటూ వెళ్లిపోయాడు.

మల్లి నీళ్లతో శుభ్రంగా తుడిచింది. నెర్ర లేదు. మంచి పలక. పెట్టెలో పెట్టబోయి ఆగింది.

"ప్లేటే కదా," అని, దాని మీద కాండ్రించి ఉమ్మి, అట్లాగే సర్దేసింది.